ఒడుపు తీగ

రోబో పోటీలకు వచ్చే పిల్లలకు తెలివి ఎక్కువ, బెరుకు తక్కువ. నియమావళిలో వేలు దూరే సందు కనిపిస్తే చాలు, అందులోంచి తమ రోబోను మొత్తంగా దూర్చేయాలని చూస్తారు. ఈ సంగతి మాణిక్యాంబకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాకినాడలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి గొంతు అరగదీసుకున్న ఆవిడ, ఇంటరు దాకా పిల్లలు పాల్గొనే తూర్పుతీరం బడుల రోబో పోటీలకు చాలాకాలంగా నియమాల వివరణ కూడా ఇస్తోంది. విద్యుత్ తీగల అధ్యాయం పూర్తిగా ఆవిడదే.

"ఎర్ర తీగ అయిపోయిందండీ, గులాబీ రంగుది వాడొచ్చా?" అని ఒకరు అడుగుతారు. "తీగకు పూత ఉండాలన్నారు, గోళ్ళరంగు పూస్తే పూత కింద లెక్కేనా?" అని ఇంకొకరు. ప్రతి మోటారుకూ విడిగా ఫ్యూజు ఉండాలన్నారు గానీ ఆ ఫ్యూజు పనిచేయాలని ఎక్కడా రాయలేదు కదా అని వాదించిన మహానుభావులు కూడా ఉన్నారు.

ఈ వ్యవహారానికి ఒక పద్ధతి ఉంది. ప్రశ్న వస్తుంది, అడిగిన బడి పేరు రాదు. జవాబు మాత్రం అన్ని బడులకూ వెళుతుంది, అందరికీ వర్తిస్తుంది. ఒకసారి ఇచ్చాక ఆ ఏటి పోటీలు ముగిసేదాకా మార్చడానికి వీల్లేదు. అందుకని ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో మాటా ఏరి రాసేది.

ఆ ఏడు వచ్చిన ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి ఆడలేదు.

"పోయినేటి మా రోబోలో మోటార్లకు ఒడుపు తీగ వాడాం. దాని మందం, రంగు, పూత అన్నీ నియమావళి ప్రకారమే ఉన్నాయి. ఆ రోబో నడిపిన అక్క ఈ ఏడు బడి వదిలి వెళ్ళిపోయింది. అవే తీగలు ఈ ఏడు కూడా ఉంచుకోవచ్చా?"

మాణిక్యాంబ ల్యాప్‌టాప్ మూసేసి, పొద్దు వాలిందో లేదో కిటికీలోంచి చూసింది. వాలింది. లేచి వెనక గదిలోకి వెళ్ళింది.

ఆ గది నేల మీద పీత కూర్చుని ఉంది. నాలుగు చక్రాలు, వస్తువులు పట్టుకోవడానికి పీత డెక్కల్లా ముందుకు చాచిన రెండు పట్టుకొమ్ములు, నడినెత్తిన బ్యాటరీ. పీత అని పేరు పెట్టింది సుధన్వ. వాడు ఈవిడకు ఒక్కగానొక్క కొడుకు. ఇంటరు చదివేటప్పుడు దానితో పోటీలకు వెళ్ళాడు, ఇంజనీరింగులో చేరిన మొదటి వానాకాలంలోనే బైకు మీద వస్తూ లారీ కింద పడి పోయాడు. ఇది రెండేళ్ళ కిందటి మాట. బంధువులందరూ వాడి బట్టలు ఇచ్చేయమన్నారు, పుస్తకాలు ఇచ్చేయమన్నారు. ఆవిడ అన్నీ ఇచ్చేసింది. పీతను మాత్రం ఇవ్వలేదు.

జాయ్‌స్టిక్ అందుకుని ఆవిడ మీట నొక్కింది. పీత ముందుకు కదిలింది. ఎడమకు తిప్పితే వెంటనే తిరగలేదు. ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, అప్పుడు తిరిగింది. అది సుధన్వ ధోరణి. అన్నానికి పిలిచినా వాడు అంతే, ఒక్క క్షణం ఆగి గానీ లేచేవాడు కాదు. ఆ ఆగడం కోసమే మాణిక్యాంబ రోజూ సాయంత్రం ఈ గదిలోకి వచ్చేది. వచ్చి గది చివరిదాకా వెళ్ళి రావడం, తిప్పడం, మళ్ళీ తిప్పడం. అంతకుమించి ఏమీ లేదు. ఆ కాసేపు కొడుకు చెయ్యి పట్టుకుని నడిచినట్టు ఉండేది.

అందులో మాయ ఏమీ లేదు. పీత మోటార్లకు ఉన్నదీ ఒడుపు తీగే, విశాఖపట్నంలో ఆవిడ స్నేహితురాలి ల్యాబులో పుట్టింది. లోపల మామూలు రాగే. పైన ఉన్న పూతలోనే విశేషమంతా ఉంది. కరెంటు ఏ తీరున పోతే ఆ తీరుకు అది కాస్త మెత్తబడుతుంది, మరోసారి అదే తీరున పోతే ఇంకాస్త మెత్తబడుతుంది. పచ్చగడ్డిలో నలుగురూ నడిచిన చోట కాలిబాట పడ్డట్టన్నమాట. మోటార్లు కుదుపు లేకుండా తిరగాలని చేశారు దాన్ని. తీరా చూస్తే, నడిపేవాళ్ళ చేతివాటం కూడా అందులోకి దిగుతోందని పిల్లలు కనిపెట్టారు. ఒడుపు తీగ అని పేరు పెట్టిందీ వాళ్ళే. బజారులోకి రాకముందే ఒక చుట్ట తెచ్చి కొడుక్కి ఇచ్చింది మాణిక్యాంబ. ఆ తీగ నేర్చుకుంటుందని స్నేహితురాలు చెప్పింది. నేర్చుకున్నది ఎన్నాళ్ళు ఉంచుకుంటుందని ఈవిడ అడగలేదు.

ముందు గదిలో టీవీ చప్పుడు ఉన్నట్టుండి పెరిగింది. అది రామబ్రహ్మం పని. ఆవిడ భర్త హార్బరులో క్రేను నడిపి నడిపి ఈమధ్యే రిటైరయ్యాడు. పీత కదిలిన చప్పుడు వినబడగానే ఆయన టీవీ పెంచేస్తాడు. ఈ గదిలోకి ఇంతవరకూ అడుగు పెట్టలేదు. ఒకసారి రమ్మంటే, "నా వల్ల కాదు మాణిక్యం, బలవంతం చెయ్యకు" అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. మనసులో మాత్రం కోపం ఉండేది. వాడు ఇక్కడ ఉంటే అక్కడ వార్తలు చూస్తారా అనుకునేది.

మర్నాడు కూర్చుని జవాబు రాసింది. "నడిపేవారి చేతివాటాన్ని దాచుకున్న తీగ నడిపేవారితో సమానం. నడిపేవారు ఈ ఏడు ఆ బడిలో చదువుతున్నవారే అయి ఉండాలి. కాబట్టి బడి వదిలి వెళ్ళిన విద్యార్థి వాడిన ఒడుపు తీగ చెల్లదు."

చదువుకుంటే ఆవిడకు చాలా తృప్తిగా అనిపించింది. అది మొదటి వాక్యం వల్ల. తీగలో ఉన్నది మనిషేనని ఇంతవరకూ ఎవరూ రాసి ఉండరు. అది రాతపూర్వకంగా అన్ని బడులకూ వెళ్ళాక సుధన్వ వెనక గదిలో ఉన్నాడనడానికి ఇంకేం అడ్డు? ఆ పిల్లల రోబో పోటీలోంచి పోతుందన్న సంగతి ఆవిడకు తట్టకపోలేదు. తట్టినా పక్కకు నెట్టేసింది.

వివరణ పంపేముందు ప్రధాన తనిఖీదారు కూడా చూడాలి. ఆయన పేరు సాల్మన్ రాజు. పోటీకి వచ్చిన ప్రతి రోబో దగ్గరా వంగి, ప్రతి తీగనూ రెండు వేళ్ళతో పట్టి లాగి చూస్తాడు. ఊడితే ఆ రోబో వెనక్కే. ఫోనులో ఆయన ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"తీగ తీగేనండి మేడమ్. నేను లాగి చూసేది తీగని గానీ మనిషిని కాదు గదండీ."

"నడిపే తీరు అందులో ఉంది కదండీ."

"ఉందని వాళ్ళు చెప్పారు, మనం విన్నాం. మనం చూశామా? శనివారం ప్రాక్టీసుకి అందరూ వస్తారండి. కళ్ళతో చూసి అప్పుడు రాయండి. ఇచ్చాక మార్చడానికి లేదు."

మాణిక్యాంబకు ఒళ్ళు మండింది గానీ శనివారం వస్తానంది.

ప్రాక్టీసు కాకినాడ ఇండోర్ స్టేడియంలో పెట్టారు. నేలంతా నల్లటి రబ్బరు పలకలు, గోడల వెంబడి బడికొక బల్ల, ప్రతి బల్ల మీదా స్క్రూడ్రైవర్లు, టేపు చుట్టలు, సగం తిన్న సమోసాలు. ఏటా ఉండే ఆటే, చెక్కపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చడం. ఒడుపు తీగలున్న పాత రోబో ఒక్కటే వచ్చింది, తుని నుంచి. ప్రశ్న ఎవరిదో ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

నడిపే పిల్ల సబీహా. తొమ్మిదో తరగతి. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళనూ అనుమానంగా చూసింది.

"తీసెయ్యమంటారా అండి?"

"ఇంకా ఏమీ అనలేదమ్మా. ముందు మీ వాదన చెప్పు" అన్నాడు సాల్మన్ రాజు.

"వాదనేం లేదండి. పక్క బడివాళ్ళు మా రోబోలో హిమజక్క ఉందంటన్నారండి. అంటే ఏంటండీ, మా అక్క దెయ్యమై ఇందులో దూరిందా? అదిగో, అక్క అక్కడే కూర్చుని పల్లీలు తింటంది గదండీ!"

నిజమే. గ్యాలరీ మొదటి మెట్టు మీద కూర్చున్న హిమజ నవ్వుతూ లేచి వచ్చింది. ఇప్పుడు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతోంది. పాత రోబోను, చెల్లెళ్ళలాంటి ఈ పిల్లలను చూసిపోదామని వచ్చింది. ఆ అమ్మాయి పోయినేడు నడిపిన తీరు సాల్మన్ రాజుకు ఇంకా గుర్తే.

"ఒక్కసారి నడిపి చూపించమ్మా" అన్నాడు. "నీ చెయ్యి ఇందులో ఉందో లేదో నీకంటే ఎవరికి తెలుస్తుంది?"

హిమజ జాయ్‌స్టిక్ అందుకుంది. చాలాకాలానికి పుట్టింటికి వచ్చినంత సంబరం ఆ మొహంలో. మీట ముందుకు నొక్కింది. రోబో ముందుకు దూకి, పెట్టె దగ్గర ఆగకుండా దాన్ని గుద్దేసింది. వెనక్కి లాగితే అవసరం కంటే ఎక్కువ వెనక్కి వచ్చింది. ఇంకోసారి చూసింది, మరోసారి చూసింది. రెండు పెట్టెలు దొర్లిపోయాయి. పక్క బల్లవాళ్ళు నవ్వారు.

హిమజ నవ్వు ఆగిపోయింది.

"ఇది నేను కాదండి" అంది. "వేసవి సెలవుల్లో ఇచ్చి వెళ్ళినప్పుడు నేనే. కళ్ళు మూసుకుని నడిపేదాన్ని. ఇప్పుడు నాకే ఎదురు తిరుగుతోంది."

సబీహా జాయ్‌స్టిక్ తీసుకుంది. రోబో అలవాటైన మేకపిల్లలా ఆ పిల్ల చెప్పినట్టల్లా విని, దొర్లిన పెట్టెలన్నీ ఏరి చకచకా పేర్చేసింది.

మాణిక్యాంబ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎప్పుడు మారింది?" అని అడిగింది.

"తెలీలేదండి" అంది సబీహా. "మొదట్లో అచ్చం అక్కలాగే వెళ్ళేది. నేను ఒకటి తిప్పితే అది ఇంకోటి చేసేది, ఏడుపొచ్చేసేది. రోజూ తిప్పుతా ఉన్నానండి, ఒక్క పూట వదల్లేదు. అలా అలా ఎప్పుడో నా మాట వినడం మొదలెట్టింది."

"రోజూనా?"

"రోజూ అండి. రోజూ తిప్పితేనే గదండీ!"

ఆ పిల్ల గర్వంగా చెప్పింది. పాపం ఆ పిల్లకేం తెలుసు. మాణిక్యాంబ తన చేతుల వంక చూసుకుంది. రోజూ సాయంత్రం జాయ్‌స్టిక్ పట్టుకున్న చేతులు. పండగనాడు పట్టుకున్నాయి, జ్వరం వచ్చిన రోజున కూడా పట్టుకున్నాయి. ఇన్నాళ్ళూ కొడుకు చేతిలో చెయ్యి వేశాననుకుంటూ ఆ చేతినే కొద్దికొద్దిగా తుడిచేసింది. ఎడమకు తిరిగేముందు ఆ ఒక్క క్షణం ఆగేది వాడు కాదు. తిప్పేస్తే వాడితో గడిపే ఆ కాసేపు ఎక్కడ అయిపోతుందోనని తను ఆగుతోంది. ఆ తడబాటునే తీగ నేర్చుకుంది. ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే మనిషికి ఇది తెలియక కాదు. అన్ని ప్రశ్నలకూ జవాబులు రాసిన మనిషి ఈ ఒక్క ప్రశ్న మాత్రం వేసుకోదలచుకోలేదు.

హిమజ పక్కకు వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది. బతికున్న పిల్లకే అంత దిగులుగా ఉంది.

మాణిక్యాంబ అక్కడే, ఆ కుర్చీలోనే జవాబు మార్చి రాసింది. "ఒడుపు తీగ తీగే. పట్టుకున్న చేతిని నేర్చుకుంటుంది గానీ వదిలి వెళ్ళినవారిని ఉంచుకోదు. మిగతా తీగలకున్న నియమాలే దీనికీ వర్తిస్తాయి."

సాల్మన్ రాజు అద్దాలు సవరించుకుని చదివాడు.

"బాగుందండి. మధ్య వాక్యం నియమంలా లేదేమో మేడమ్. తీసేద్దామా?"

"అది తీసేస్తే మొదటిది రాయడం నావల్ల కాదండీ" అంది మాణిక్యాంబ.

ఆయన ఆవిడ మొహం చూశాడు. ఇంకేమీ అడగకుండా సరేనన్నాడు. జవాబు విని సబీహా సంతోషంగా వేసిన కేకకు స్టేడియం అంతా ఇటు తిరిగి చూసింది. న్యాయం జరిగిన చోట మాణిక్యాంబ ఎప్పుడూ సంతోషించేది. ఈసారి చీర కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ వెనక గదిలోకి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. వెళితే పట్టుకోకుండా ఉండలేదు, పట్టుకుంటే మిగిలిన కాస్తా పోతుంది. అసలు మిగిలిందో లేదో చూడాలన్నా పట్టుకునే చూడాలి. పొద్దు వాలే వేళకు చేతులు గుంజేవి. గిన్నెలు తోమినవే మళ్ళీ తోమేది. పెరట్లో ఆరని బట్టలు తెచ్చి మడతపెట్టేది. వాడు పోయిన రోజు కూడా ఇంత ఖాళీగా లేదనిపించింది. ఆ రోజు ఇల్లంతా జనం. ఇప్పుడు ఒక గది, మూసిన తలుపు, దాని అవతల తాకితే పోయే కొడుకు.

కొన్ని సాయంత్రాలు అలా గడిచాక, రామబ్రహ్మం టీవీ కట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏం మాణిక్యం, ఇయ్యాళా లేదా?"

"ఏది?"

"అదే. ఆ చప్పుడు."

"మీకు గిట్టదు కదా. టీవీ పెట్టేస్తారు కదా."

"పెడతాను. ముక్కు చీదడం నీకు వినబడకూడదని పెడతాను." ఆయన గుమ్మం చెక్క గోకుతూ నిలబడ్డాడు. "ఆ చప్పుడైతేనే నాకు సాయంత్రం అయినట్టుంటది. ఆగిపోయిందేంటి?"

చేతిలో గిన్నె కింద పెట్టేసి మాణిక్యాంబ అంతా చెప్పింది. తుని పిల్లల సంగతి, హిమజ సంగతి, తీగ సంగతి. చెబుతూ చెబుతూ బావురుమంది.

"నేనే చెరిపేశానండీ. రోజూ పట్టుకుని పట్టుకుని నేనే చెరిపేశాను. వాడితో ఉన్నాననుకున్నాను. నాతో నేనే ఉన్నాను."

ఆయన ఓదార్పు మాటలు చెప్పే మనిషి కాదు. దగ్గరకు వచ్చి, ఆవిడ తడి చేతులు తన లుంగీకే తుడిచాడు.

చాలాసేపటికి ఆవిడ తేరుకుంది. ఒక నిర్ణయానికి వచ్చినట్టు ఆయన చెయ్యి పట్టుకుని వెనక గది తలుపు తీసింది. ఆయన గుమ్మం దగ్గర బిగుసుకుపోయాడు.

"రండి. ఏమన్నా మిగిలుంటే అది మీ వంతు. మీరు ఒక్కసారీ పట్టుకోలేదు."

"వద్దు మాణిక్యం. నీ చేతికే పోతే నా చేతికి ఆగుద్దా? బండలాంటి చెయ్యి నాది. ఉన్నదీ పోద్ది."

"పోతే పోనీండి. ఎవరూ ముట్టుకోకుండా గదిలో పెట్టి తాళం వేసుకోవడానికా వాడు? కాసేపు మీ దగ్గర ఉండి పోతాడు. నేను ఇన్నాళ్ళు ఉంచుకున్నాను, ఇంకా నాకేనంటే అన్యాయం."

రామబ్రహ్మం నేల మీద చతికిలబడ్డాడు. జాయ్‌స్టిక్ ఆయన అరచేతిలో బొమ్మలా ఉంది. ఆవిడ పక్కనే కూర్చుని, తన చేతులు రెండూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది, పొరపాటున కూడా తగలకుండా.

పీత కదిలింది. ఎడమకు తిరిగేముందు ఆగింది. మాణిక్యాంబ కళ్ళు మూసుకుంది, అది తనదేనని తెలుసు కనుక. ఆయన దాన్ని గది మూలకు నడిపించాడు. అక్కడ సుధన్వ సాధన చేసుకున్న చెక్కపెట్టెలు దుమ్ముపట్టి ఉన్నాయి. ఆవిడ ఎప్పుడూ వాటి జోలికి పోలేదు, నడిపించడమే తప్ప పేర్చడం ఆవిడకు చేతకాదు. పట్టుకొమ్ములు ఒక పెట్టెను పట్టాయి. ఎత్తాయి. ఇంకో పెట్టె మీదికి తెచ్చాయి. దించాయి, దించుతూ దించుతూ, ఇక తగలబోతుందనగా ఒక్క వెంట్రుకవాసి పైకి లేపి, ఊగడం ఆగాక, చప్పుడు కాకుండా కింద పెట్టాయి.

కళ్ళు తెరిచిన మాణిక్యాంబ అదంతా చూసింది. అది సుధన్వ. పోటీలో చూసింది తను, ఆ ఒక్క వెంట్రుకవాసి పైకెత్తడం, జనం చప్పట్లు కొట్టడం. దాన్ని మరిచిపోయినట్టు కూడా తెలియకుండా మరిచిపోయింది.

"అది ఉంది" అంది, మాట కూడబలుక్కుంటూ. "అది వాడిదేనండీ. ఆ పైకి లేపడం వాడిది. మీకు తగిలిందా? తీగలోంచి వచ్చిందా?"

రామబ్రహ్మం ఆశ్చర్యంగా చూశాడు.

"తీగలోంచా? నేనే లేపాను. సరుకు దించేటప్పుడు అలా లేపకపోతే ఊగిపోయి కింద మనిషికి తగులుద్ది." జాయ్‌స్టిక్ వంక చూసుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "వాడికి నేర్పింది నేనే. సెలవుల్లో క్రేను ఎక్కించుకుని, ఒళ్ళో కూర్చోబెట్టుకుని. వాడి చెయ్యి మీద నా చెయ్యి వేసి."

ఇద్దరూ ఆ పెట్టె వంక చూస్తూ ఉండిపోయారు. ఆ ఎత్తిన వెంట్రుకవాసి తీగలో మిగిలినదో, ఆయన చేతిలోంచి వచ్చిందో తేల్చాలంటే మాణిక్యాంబకు మార్గం తెలుసు. తీగ ఊడదీసి మామూలుది బిగించి చూడాలి. ఆవిడ లేవలేదు. బిగించి పెట్టుకున్న చేతులు విప్పి, ఆ మొరటు చెయ్యి మీద వేసింది.

"ఇంకోటి దించండి" అంది.